మిరప సీమలో కొత్త పంటల పండుగ

ఒక ప్రాంతపు పంటను, దానితో చేసే తిండిని, పానీయాన్ని ఒకచోట చేర్చి వేడుక జరుపుకొనే ఆచారం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. అర్జెంటీనాలోని మెండోసాలో ద్రాక్ష కోతల వేళ 1936 నుంచి జరుగుతున్న ఉత్సవం వాటిలో పేరెన్నికగన్నది. 2022 నాటి పునర్విభజనలో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలను కూడా కలుపుకొని చూస్తే, గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఇటువంటి వేడుక సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఇళ్లలోను, కల్లాల్లోను, తాటితోపుల్లోను సాగుతుంది.

తేమను చాలాకాలం పట్టి ఉంచే నల్లరేగడి నేలల్లో వానకాలంలో వేసిన పత్తి తీతలు సంక్రాంతికి చాలావరకు పూర్తయి రైతు చేతికి డబ్బు వస్తుంది. అదే సమయానికి మిరప తోటలు ఎర్రబడతాయి, కొత్త బియ్యం, కొత్త బెల్లం అరిసెలవుతాయి. ఇంతగా ఈ నేలకు గుర్తుగా మారిన మిరప నిజానికి అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి చేరింది. అంతకుముందే జీవించిన కవి శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని చాటువుల్లో ఆక్షేపించాడు గాని, ఆ కూటికి నేడు తోడుండే మిరపకారం ఆయన ఎరుగనిది.

ఈ రుతువు ప్రత్యేక వంటకం కొరివికారం. బాగా పండిన ఎర్రని కాయలను తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి, కల్లుప్పుతోను, గింజ తీసిన కొత్త చింతపండుతోను రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తుతారు. మూడోనాడు తీసి, మెంతిపిండి కలిపి మెత్తగా రుబ్బి, వెల్లుల్లితో పోపు పెడతారు. ఉప్పు, పులుపు సూక్ష్మజీవులను అదుపులో ఉంచడం వల్ల, తడి తగలనంతవరకు ఇది ఏడాది పొడుగునా నిలుస్తుంది.

మెండోసాకు ద్రాక్షసారా ఎటువంటిదో, బాపట్ల తీరపు ఇసుక నేలల్లోని పల్లెలకు తాటికల్లు అటువంటిది. గీత కార్మికుడు మోకు సాయంతో చెట్టెక్కి, గెల కొనను పలుచగా కోసి, కారే తియ్యని రసాన్ని లొట్టిలో పడతాడు. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్టు ఆ చక్కెరను మద్యసారంగా మారుస్తుంది కనుక, పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపు, మత్తు పెరుగుతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ మార్పు ఆగి, పిల్లలు సైతం తాగదగిన నీరా దక్కుతుంది. దానిని కాచితే తాటిబెల్లం వస్తుంది.

ఈ సంపదలో మిరపకు అంతర్జాతీయ ఖ్యాతి ఉంది. పుట్టిన చోటును బట్టి సరుకుకు చట్టరక్షణ ఇచ్చే భౌగోళిక గుర్తింపు 'గుంటూరు సన్నం'కు 2010లో లభించింది. గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో టిక్కీలనే బస్తాలు బారులు తీరతాయి. అయితే యార్డులో బేరం సాగేది రంగు, ఆరుదల, తాలుకాయల పాలు చూసి మాత్రమే. రుచికి అక్కడ లెక్క లేదు. అందుకే ఎక్కువ దిగుబడి, గిరాకీ ఉన్న తేజ వంటి రకాలు, హైబ్రిడ్లు ముందుకు వచ్చి, సన్నం వెనుకబడుతున్నది. రుచి తెలిసిన కొనుగోలుదారుడు ఉన్నప్పుడే పాత విత్తనం పొలంలో నిలుస్తుంది. కాబట్టి రకం పేరు, ఊరి పేరు రాసిపెట్టి కొరివికారం, గోంగూర, తాటిబెల్లం, నీరా ఒకచోట అమ్మే వార్షిక పంటల పండుగను గుంటూరులో నెలకొల్పడం ప్రభుత్వం, రైతు సంఘాలు కలిసి చేపట్టవలసిన పని. అంతవరకు కారం కొనేటప్పుడు ఏ రకం కాయో, ఏ ఊరి పంటో అడిగి కొనడం ప్రతి ఇల్లూ చేయగలిగిన మేలు.