దూడల పారుడు, మన జలుబు: ఆవు కరోనా వైరస్ గురించి పాడి రైతులు తెలుసుకోవలసినవి

చలికాలంలో ఈనిన పశువు దూడ వారం పది రోజులు హుషారుగానే తిరుగుతుంది. ఉన్నట్టుండి పసుపు పచ్చగా, నీళ్లలా పారుకోవడం మొదలుపెడుతుంది. రెండో రోజుకల్లా కళ్లు లోపలికి పోతాయి, పొదుగు దగ్గరికి వదిలినా నోరు పెట్టదు. పాలు ఎక్కువై అరగలేదనో, దిష్టి తగిలిందనో అనుకుంటూ ఒక రోజు పోగొట్టుకుంటాం. ఆ ఒక్క రోజే చాలాసార్లు దూడ ప్రాణం తీస్తుంది.

దూడల పారుడుకు కారణాలు చాలా ఉన్నాయి. ఈ.కోలై, సాల్మొనెల్లా బాక్టీరియాలు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, రోటా వైరస్ వాటిలో కొన్ని. వీటి సరసన చెప్పుకోవలసిన మరొకటి ఆవు కరోనా వైరస్.

కరోనా అనగానే 2020 గుర్తొస్తుంది. ఆ ఏడాది మొదట్లో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకు మన కోళ్ల రైతులు ఎంత నష్టపోయారో అందరికీ తెలుసు. అందుకే ముందుగా ఒక మాట. కరోనా అనేది ఒక్క వైరస్ పేరు కాదు, ఇంటిపేరు లాంటిది. కోవిడ్ తెచ్చిన వైరస్, ఆవు కరోనా వైరస్ ఒకే ఇంటిపేరు ఉన్న దూరపు దాయాదులు. జర్మనీలోని ఫ్రెడరిక్ లోఫ్లర్ సంస్థ 2020లో ఆరు పశువుల ముక్కుల్లోకి కోవిడ్ వైరస్‌ను నేరుగా ఎక్కించి చూసింది. రెండింటిలో మాత్రమే, అదీ కొద్దిగా, వైరస్ పెరిగింది. వాటి మధ్య ఉంచిన మూడు పశువుల్లో ఒక్కదానికీ అంటలేదు.

ఆవు కరోనాకు అసలైన దగ్గరి చుట్టం మనుషుల్లోనే ఉంది. దాని పేరు ఓసీ43. 1967లో అమెరికా పరిశోధకులు జలుబు రోగుల నమూనాలను శ్వాసనాళం ముక్కల్లో పెంచుతూ దీన్ని గుర్తించారు. మామూలు జలుబు, తుమ్ములు, కొద్దిపాటి దగ్గు తెచ్చే వైరస్ ఇది. మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది.

ఈ చుట్టరికం ఎలా తెలిసింది?

కరోనా వైరస్‌ల జన్యు పదార్థాన్ని ఆర్‌ఎన్‌ఏ అంటారు. దాన్ని సుమారు 30 వేల అక్షరాల దస్తావేజు అనుకోండి. వైరస్ ఒక కణంలో చేరి పెరిగే ప్రతిసారీ ఈ దస్తావేజుకు నకలు తయారవుతుంది. వెనకటి రోజుల్లో చేత్తో అడంగల్ నకలు రాసేటప్పుడు అక్కడొక అంకె, ఇక్కడొక అక్షరం తప్పు పడేది కదా, ఇక్కడా అంతే. కరోనా వైరస్‌లకు తప్పులు దిద్దుకునే ఏర్పాటు కొంత ఉంది. అయినా కొన్ని తప్పులు మిగిలిపోయి, తర్వాతి నకళ్లన్నిటిలోకీ వెళ్తాయి.

ఒకే అడంగల్ నుంచి రెండు ఊళ్లవాళ్లు నకళ్లు తీసుకుని, ఆ తర్వాత ఎవరి నకలును వాళ్లు మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయారనుకుందాం. చాలా ఏళ్లకు రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కిస్తే, అవి ఎప్పుడు విడిపోయాయో అంచనా కట్టవచ్చు. ఏడాదికి ఎన్ని తప్పులు పడతాయో తెలిస్తే చాలు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వారు 2005లో ఈ పనే చేశారు. వైరస్ కణానికి అతుక్కునే ముల్లు భాగపు జన్యువులో సుమారు 4 వేల అక్షరాలుంటాయి. అందులో ఏడాదికి రెండు మార్పులు కూడా పడవని వారి లెక్క. ఆవు వైరస్‌కూ మనిషి వైరస్‌కూ మధ్య ఉన్న తేడాలను వెనక్కి లెక్కిస్తూ పోతే రెండూ ఒకటిగా ఉన్న కాలం సుమారు 1890 అని తేలింది. తర్వాత వేరేవాళ్లు కట్టిన లెక్కల్లో కొన్ని దశాబ్దాల తేడా వచ్చింది. ఏది ఏమైనా ఇది లక్షల ఏళ్లనాటి సంగతి కాదు, మన ముత్తాతల కాలానికి కాస్త అటూ ఇటూ.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నదానికీ ఒక ఆధారం దొరికింది. ఆవు వైరస్‌లో ఉన్న 290 అక్షరాల ముక్క ఒకటి ఓసీ43లో లేదు. నకలు రాసేటప్పుడు ఒక పేరా జారిపోవడం తేలిక, లేని పేరా సరిగ్గా అక్కడ పుట్టుకురావడం కష్టం. కాబట్టి మొదట పశువుల్లో ఉన్నదే మనిషికి చేరిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అంతకుముందు ఎలుకల జాతుల నుంచి పశువులకు వచ్చి ఉంటుందని చెబుతారు.

1889లో రష్యా సామ్రాజ్యంలో మొదలై ప్రపంచమంతా పాకిన ఒక పెద్ద జ్వరంలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. దాన్ని రష్యన్ ఫ్లూ అన్నారు. అంతకుముందు దశాబ్దాల్లో పశువుల అంటు ఊపిరితిత్తుల వ్యాధి దేశదేశాలకు వ్యాపించి, పశువులను పెద్ద ఎత్తున వధించారు. ఆ పనిలో ఉన్నవారికి పశువుల చీమిడి, శ్వాస దగ్గరగా తగిలి ఉంటాయి కాబట్టి, ఆ జ్వరం ఈ కరోనాయే కావచ్చని లూవెన్ వారు ఊహించారు. తేదీలు కలుస్తున్నాయి కానీ రుజువు లేదు, ఫ్లూ వైరసే అని వాదించేవారూ ఉన్నారు. ఆసక్తికరమైన ఊహగా తీసుకుంటే చాలు.

ఈ మార్పు ఒక్క రోజులో జరిగింది కాదన్నది రైతుకు పనికొచ్చే విషయం. ఆవు వైరస్ మీద కణాల పైనున్న ఒక రకం చక్కెరను పట్టుకునే, కత్తిరించే పనిముట్టు ఒకటి ఉంటుంది. మనిషిలో స్థిరపడే క్రమంలో దాని పట్టుకునే గుణం మెల్లమెల్లగా పోయింది, కత్తిరించేది మిగిలింది. అంటే నిన్న దూడకు పారుడు వస్తే రేపు ఇంటిల్లిపాదికీ జలుబు వస్తుందని కాదు. అయితే గోడ పూర్తిగా మూసుకుపోలేదు. విరేచనాలు అవుతున్న ఒక పిల్లవాడిలో దాదాపు ఆవు వైరస్ లాంటిదే దొరికిందని 1994లో ప్రచురించారు. తర్వాత దాన్ని దూడలకు ఎక్కిస్తే వాటికీ పారుడు వచ్చింది. ఇలాంటివి చాలా అరుదు. నిజానికి పారుకునే దూడ నుంచి మనుషులకు ఎక్కువగా అంటేవి సాల్మొనెల్లా, క్రిప్టోస్పోరిడియం. కాబట్టి అలాంటి దూడను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలను దాని దగ్గర ఆడుకోనివ్వకూడదు. కరోనాకు పైన కొవ్వు పొర ఉంటుంది కాబట్టి సబ్బుకు తేలిగ్గా చస్తుంది.

కొట్టంలో ఏం చేయాలి?

ఈ వైరస్ పైకి బాగానే ఉన్న పెద్ద పశువుల పేడలో, ముఖ్యంగా ఈనే రోజుల్లో, బయటికి వస్తుంటుంది. కొన్నిసార్లు చలికాలంలో పాడి పశువులకే రక్తంతో కూడిన పారుడు తెచ్చి పాల దిగుబడి పడగొడుతుంది. దూడ పేగుల లోపలి పొరను ఇది పాడుచేస్తుంది. దాంతో తాగిన పాలు అరగక నీళ్లుగా పోతాయి. దూడను చంపేది చాలావరకు వైరస్ కాదు, ఒంట్లో నీరూ లవణాలూ పోవడమే. అందుకే మొదటి వైద్యం నీళ్లే. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడిని పొట్లం మీద చెప్పినన్ని నీళ్లలో కలిపి, రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్లు, కొద్దికొద్దిగా చాలాసార్లు తాగించండి. పాలలో కలపవద్దు, పాలు మాన్పించవద్దు. రెండూ వేర్వేరు వేళల్లో ఇవ్వాలి. మెడ చర్మం పట్టి లాగి వదిలితే మడత వెంటనే పోకపోయినా, చెవులు, కాళ్లు చల్లబడినా, దూడ లేవలేకపోయినా సెలైన్ ఎక్కించాల్సిందే. పశువైద్యాధికారిని పిలవండి లేదా 1962కు ఫోన్ చేయండి. తాగలేని దూడకు బలవంతంగా గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వైరస్‌ను ఏమీ చేయదు. బాక్టీరియా కూడా చేరిందని డాక్టరు అనుకుంటే వారే రాస్తారు. షాపువాడు ఇచ్చింది పొడిపించి ఊరుకుంటే డబ్బూ, సమయమూ రెండూ పోతాయి.

అన్నిటికంటే ముందు చూడవలసింది ముర్రుపాలు. మాయ పడేదాకా దూడకు పాలు తాగించకూడదని ఇప్పటికీ చాలా ఇళ్లలో అంటారు. ఈ పట్టింపు మానాలి. తల్లి ఒంట్లోని రోగనిరోధక కణికలు ముర్రుపాల ద్వారానే దూడకు అందుతాయి. వాటిని రక్తంలోకి తీసుకునే శక్తి దూడ పేగుకు గంట గంటకూ తగ్గుతూ ఒక రోజుకల్లా దాదాపు పోతుంది. పుట్టిన రెండు గంటల్లోపు మొదటి విడత పట్టాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు అందాలి. జున్ను కోసం ఆ తర్వాత మిగిలినవే తీసుకోండి.

ఈనే చోటు పొడిగా, కొత్త గడ్డి పరచి ఉండాలి. పొదుగు కడిగాకే దూడను వదలాలి. పారుకునే దూడను వేరుగా కట్టి, ముందు మంచి దూడల పని చూసుకుని దాని దగ్గరికి ఆఖరున వెళ్లండి. దాని బకెట్టు దానికే ఉంచండి. సంతలో కొన్న పశువును రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి.