పౌరసత్వాలు రెండు - పతాకం ఒకటి

సముద్రయానంలో లాభం ఎంత గొప్పదో నష్టభయమూ అంత గొప్పది. క్రీ.శ. 1244-45లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇందుకు సాక్ష్యం. దేశాంతరాలకు పోయే ఓడలు తుపానులో చిక్కి తీరానికి కొట్టుకొని వచ్చినపుడు, వాటిలోని ధనాన్ని పూర్వరాజులు బలవంతంగా అపహరించేవారనీ, తాను నిర్ణీతమైన సుంకాన్ని మాత్రమే గ్రహించి తక్కినదంతా యజమానులకే విడిచిపెడుతున్నాననీ ఆ శాసనంలో రాజు ప్రకటించాడు. ఆ అభయం వర్తకుని సొత్తును రాజపురుషుల నుండి కాపాడింది. కాని కడలిపాలైన ఓడ విలువను మాత్రం తిరిగి ఇవ్వజాలదు. ఆ కొరతను తీర్చే ఏర్పాటే నౌకాబీమా.

ఒక్కరిని కూల్చివేయగల నష్టాన్ని పలువురు పంచుకొంటే అది భరింపదగినదవుతుంది. బీమాకు మూలసూత్రం ఇదే. పదిహేడవ శతాబ్ది చివరి భాగంలో లండన్ నగరంలో ఎడ్వర్డ్ లాయిడ్ అనే వ్యక్తి నడిపిన కాఫీశాల నావికులకూ, వర్తకులకూ, బీమాదారులకూ కూడలి అయింది. లాయిడ్స్ అనే ప్రసిద్ధ బీమావిపణి అక్కడి నుండే పెరిగింది. నౌకాబీమా సూత్రాలను బ్రిటన్ 1906లోనూ, భారతదేశం 1963లోనూ చట్టరూపంలో క్రోడీకరించాయి.

నేడు సరకుల ఓడలే గాక, వ్యక్తులు విహారం కోసం కొనుక్కొనే చిన్న నావలు కూడా బీమా పొందుతున్నాయి. యజమాని స్వదేశంలోనే నివసిస్తూ ఉంటే ఈ పని సులభం. అతడు రెండు దేశాల పౌరుడై మరొక దేశంలో నివసిస్తున్నపుడే చిక్కులు తలెత్తుతాయి. బీమా సంస్థ అతనిని ప్రధానంగా మూడు విషయాలు అడుగుతుంది: అతడు ఏ దేశపు పౌరుడు? ఎక్కడ నివసిస్తున్నాడు? అతని నావ ఏ దేశపు పతాకాన్ని ధరిస్తుంది? ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి చెప్పిన సమాధానం మరొకదానికి చెల్లదు.

మనిషికి రెండు పౌరసత్వాలు ఉండవచ్చు. నావకు మాత్రం ఉండరాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రచట్ట ఒడంబడిక ప్రకారం నౌక ఒకే దేశపు పతాకం కింద పయనించాలి. అవసరాన్ని బట్టి రెండు పతాకాలను మార్చి మార్చి వాడే నౌక ఆ రెండింటిలో దేని రక్షణనూ కోరజాలదు; దానిని జాతీయత లేని నౌకగా పరిగణించవచ్చు. కనుక యజమాని ముందుగా ఒక దేశాన్ని ఎంచుకొని అక్కడ నావను రిజిస్టరు చేయించవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. బ్రిటిష్, ఐరిష్ పౌరసత్వాలు రెండూ కలిగిన ఒక వ్యక్తి స్పెయిన్‌లో స్థిరపడి, తెరచాప నావ ఒకటి కొన్నాడనుకొందాం. బ్రిటన్‌లో ఇరవైనాలుగు మీటర్ల లోపు నావల కోసం చిన్న నౌకల రిజిస్టరు ఉంది. కాని అది బ్రిటన్‌లో నివసించేవారికి ఉద్దేశించినది. పౌరసత్వం ఒక్కటే అక్కడ చాలదు. ప్రధాన రిజిస్టరులో అతనికి చోటుంది. అయితే విదేశవాసి గనుక బ్రిటన్‌లో ఒక ప్రతినిధిని నియమించుకోవాలి. ఇక బీమా మాట. స్వదేశంలో పొందిన అనుమతితోనే ఐరోపా సమాఖ్య అంతటా బీమా అమ్మే హక్కును బ్రిటన్ సంస్థలు 2020 డిసెంబరు 31తో కోల్పోయాయి. కాబట్టి తన నివాసానికీ, నావ రిజిస్ట్రేషనుకూ తగిన అనుమతి గల సంస్థను అతడు వెదకుకోవాలి. బీమా మానుకొందామన్నా వీలుపడదు. ఇతరులకు కలిగించే నష్టానికి సంబంధించిన బీమాను స్పెయిన్ 1999 నాటి ఉత్తర్వు ద్వారా విహార నౌకలకు తప్పనిసరి చేసింది.

ఇట్టి సందర్భంలో కొందరు సులువైన దారి తొక్కుతారు. స్వదేశంలోని సోదరుని చిరునామానే తమ నివాసంగా చూపుతారు. ఇది ప్రమాదకరం. బీమా పరస్పర విశ్వాసంపై నిలిచిన ఒప్పందమని 1766లో కార్టర్, బోమ్ వ్యాజ్యంలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఉద్ఘాటించాడు. బ్రిటన్ 2012లో చేసిన వినియోగదారుల బీమా చట్టం ప్రకారం బుద్ధిపూర్వకంగా అసత్యం చెప్పినవానికి సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. అజాగ్రత్త వల్ల తప్పు చెప్పినా నష్టం తప్పదు. నిజం తెలిసి ఉంటే వెయ్యి పౌండ్లు వసూలు చేయవలసిన సంస్థ ఆరువందలే తీసుకొని ఉంటే, పరిహారంలో నూటికి అరవై వంతులు మాత్రమే ఇస్తుంది. ప్రీమియంలో మిగిలిన నాలుగువందల కోసం నావ విలువలో నాలుగు పాళ్లు నీటిపాలు కావచ్చునన్న మాట!

రెండవ పౌరసత్వాన్ని దాచడమూ మేలు కాదు. అమెరికా పౌరుడు ఎక్కడ నివసించినా ఆ దేశపు ఆర్థిక ఆంక్షలు అతనిని వెన్నంటే ఉంటాయి. క్యూబా రేవులో అతడు మరొక దేశపు పాస్‌పోర్టు చూపినంత మాత్రాన వాటి నుండి విముక్తుడు కాడు. ఆ సంగతి తెలిస్తేనే బీమా సంస్థ తగిన నిర్ణయం తీసుకోగలదు.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు గమనింపవలసిన విషయం ఒకటుంది. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. స్వచ్ఛందంగా అన్యదేశ పౌరసత్వం స్వీకరించినవారు 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. 2005 సవరణ తరువాత లభిస్తున్న ప్రవాస భారతీయ పౌర కార్డు కొన్ని సదుపాయాలను కల్పిస్తుంది. కాని పేరులో 'పౌర' శబ్దం ఉన్నంత మాత్రాన అది పౌరసత్వం కాదు. ఆ కార్డు గలవారు దరఖాస్తులో తమను భారత పౌరులుగా పేర్కొనడం సరికాదు.

పౌరసత్వం, నివాసం, పతాకం మాత్రమే గాక నావ వయస్సు, విలువ, లంగరు వేసే రేవు, సంచరించే జలాల హద్దులు, యజమాని అనుభవం, పూర్వం జరిగిన ప్రమాదాలు - అన్నిటినీ యథార్థంగా తెలపాలి. నివాసం మారితే ఆ మార్పునూ వెంటనే తెలియజేయాలి. పాలసీలోని హద్దు దాటి ప్రయాణించదలిస్తే ముందుగానే సంస్థ అంగీకారం పొందాలి. తుపాను వచ్చిన నాడు నావికునికి లంగరు ఎట్టిదో, నష్టం వాటిల్లిన నాడు యజమానికి తాను దరఖాస్తులో వ్రాసిన సత్యం అట్టిది.