ఫిట్స్, మెదడు, సెన్సర్లు: పరిశోధన నిధులతో మనకేం పని?

అణైకట్, గుడియాత్తం ప్రాంతాల మన తెలుగు కుటుంబాలకు వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జేకబ్ చాందీ అక్కడే ప్రారంభించారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. 1950ల మొదట్లోనే అక్కడ మూర్ఛకు శస్త్రచికిత్స చేశారు. మూర్ఛనే మనం ఫిట్స్ అంటాం.

మెదడు కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. తలపై అతికించిన చిన్న బిళ్ళలు ఆ సంకేతాలను పట్టి గీతలుగా చూపిస్తాయి. అదే ఈఈజీ. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు గీతలు తీశారు. ఆ సంకేతం ఓల్టులో పదిలక్షల వంతుల లెక్కన ఉంటుంది. రెప్ప వేసినా, పళ్ళు బిగించినా గీత చెదురుతుంది. కాబట్టి గీత ఒక్కటే చూస్తే చాలదు, ఆ క్షణంలో మనిషి ఏం చేస్తున్నాడో కూడా తెలియాలి.

మామూలు ఈఈజీ సుమారు అరగంటలో అయిపోతుంది. ఫిట్స్ ఆ అరగంటలోనే రావాలని లేదు. అందుకే అవసరమైనవారిని ఆసుపత్రిలో ఉంచి, కెమెరానూ ఈఈజీనీ ఒకే గడియారానికి కట్టి గంటల తరబడి నమోదు చేస్తారు. చేయి కొట్టుకున్న క్షణంలో మెదడులో ఏ భాగం అదుపు తప్పిందో అప్పుడు తెలుస్తుంది. కొందరికి ఒళ్ళు కొట్టుకున్నా గీతల్లో మూర్ఛ కనిపించదు. అటువంటివారికి మూర్ఛ మాత్రలు ఏళ్ళ తరబడి మింగినా ప్రయోజనం ఉండదు, వేరే వైద్యం కావాలి.

ఇదే పని ఇంట్లో, పొలంలో, మగ్గం దగ్గర ఉన్నప్పుడు కూడా జరగాలన్నది ఇప్పటి పరిశోధనల లక్ష్యం. చేతి పట్టీలు కదలికను, చర్మంలోని మార్పులను కొలుస్తాయి. వాటిని మెదడు సంకేతాలతో క్షణం తేడా లేకుండా జోడించడమే కష్టమైన పని. దీనికి డబ్బు కావాలి. అమెరికా 2013లో ప్రకటించిన బ్రెయిన్ ఇనిషియేటివ్‌లో ఇటువంటి పరికరాలకు ప్రత్యేక కార్యక్రమం ఉంది. ఆ ఇనిషియేటివ్ మొత్తం నిధులు 2023లో 68 కోట్ల డాలర్లు కాగా, 2024లో 40.2 కోట్లకు పడిపోయాయి.

మన దగ్గరా ప్రయత్నాలున్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కు క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు 225 కోట్ల రూపాయలు ఇస్తామని 2014లో ప్రకటించింది. ఆ సంస్థ కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్ళు పైబడినవారి మెదడు ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తోంది. అక్కడి ఇళ్ళలోనూ తెలుగు బాగా వినిపిస్తుంది.

ఇందులో మన భాషకు సంబంధించిన సంగతి ఒకటుంది. జ్ఞాపకశక్తి పరీక్ష మాటలతోనే జరుగుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వను తమిళంలోనో ఇంగ్లీషులోనో అడిగితే, భాష రాక తడబడినా మతిమరుపు కింద లెక్క పడవచ్చు. పరిశోధనలో చేరేవారికి అర్థమయ్యే భాషలోనే వివరాలు చెప్పి అంగీకారం తీసుకోవాలని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేరడం, మధ్యలో మానుకోవడం మన ఇష్టం. సంతకం పెట్టేముందు తెలుగులో చెప్పమని అడగడానికి మొహమాటపడకండి. మన వీడియో, మన మెదడు గీతలు ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు ఉంటాయో కూడా అడగండి.

కొత్త సెన్సర్లు వచ్చేలోగా మన చేతిలోని ఫోను కూడా పనికొస్తుంది. ఎవరికైనా ఫిట్స్ వస్తే ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు. మరొకరు ఉంటే వీడియో తీసి, ఎంతసేపు వచ్చిందో రాసిపెట్టమనండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ వీడియోను డాక్టరుకు చూపిస్తే, మనం మాటల్లో చెప్పలేనిది ఆయనకు కళ్ళారా కనిపిస్తుంది.