చైత్రంలో కొరమీను

ఉగాది వెళ్ళిన పదిరోజులకు బైరకూరు వైపు చెరువులలో నీరు తూము దిగువకు పోతుంది. కార్తీకంలో మొరవ పారిన చెరువైనా సరే, చైత్రమాసానికి నడిగుంటలో మాత్రం నీరు మిగిలి, చుట్టూ ఒండ్రు నెఱ్ఱెలు విచ్చి, జమ్ము పసుపుబారి నిలబడి వుంటుంది. గాలం పట్టదలచిన వానికి అదే అదను. నీళ్ళు పలచబడితే చేపలు చిక్కబడతాయని మా యింటి పెద్దలు అంటూ వుండేవారు.

ముళబాగిలు తాలూకాలోని యీ హోబళి ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. యింట్లో తెలుగు, కచేరీలో కన్నడం. కోలారు జిల్లాకు జీవనది లేదు. పాలారు నందికొండల ప్రాంతంలో పుట్టి యీ జిల్లా గుండా పోతుందన్న మాటే గాని, యేడాదిలో చాలా నెలలు అందులో వుండేది యిసుకే. 2001లో మూతబడిన బంగారు గనులకు కూడా మంచినీరు పాలారు మీది బేతమంగళం చెరువునుంచే పోయేది. కనుక మనకు చేప అంటే చెరువు చేపే. చెరువు చేపలలో రాజు కొరమీను. తెలంగాణావారు దానిని తమ రాష్ట్ర చేపగా యెంచుకొన్నారు. వారి రుచికి మెచ్చుకోవాలి!

యీ చేపకు ఒక విచిత్రం వుంది. మొప్పలు వుండి కూడా దానికి గాలి కావాలి. కొన్ని నిమిషాల కొకసారి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి పోవలసినదే. పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే వూపిరాడక చచ్చిపోతుంది. అందువల్లనే సంతలో తడిగుడ్డ కప్పిన బుట్టలో కూడా అది గంటల తరబడి ప్రాణంతో వుంటుంది. చెరువు యెండితే బురదలో దూరి తడి వున్నంతకాలం కాలక్షేపం చేస్తుంది. అందువల్లనే మనకు దొరికిపోతుంది కూడా. తెల్లవారుజామున కట్టమీద కదలక కూర్చుంటే, జమ్ము సందున బుడుంగుమని ఒక బుడగ లేస్తుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి.

గట్టి వెదురుకర్ర, గట్టి దారం, పెద్ద గాలం వుండాలి. యెరకు చిన్న కప్పను మించినది లేదు. బెండు కట్టి కూర్చోవడం పరిగెలకు సరిపోతుంది గాని కొరమీనుకు పనికిరాదు. బుడగ లేచిన చోట కప్పను నీటిమీద తట్టుతూ ఆడించాలి. లటుక్కున అందుకొంటుంది. అప్పుడు లాగామా, కప్ప సగం గాలం మనకూ, మిగతా సగం చేపకూ! మింగి నాలుగడుగులు పోనిచ్చి అప్పుడు లాగాలి. యీ నాలుగడుగుల ఓర్పు మాకు చాలాకాలం అబ్బలేదు.

మా చిన్ననాటి మాట ఒకటి చెప్పాలి. ఒక యేడు ముంగారు వాన ముందుగా పడి గుంటలో కొత్తనీరు చేరింది. కొన్నాళ్ళకు నీటి మీద చారెడంత యెఱ్ఱని మేఘం కదులుతూ కనబడింది. దగ్గరకు పోతే అవి కొరమీను పిల్లలు, వందల కొద్దీ. మేము ఆ యెరుపు నడుమ కప్పను వేశాము. అలాంటప్పుడు కొరమీను ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. రెండు కిలోల చేప. గంతులు వేస్తూ యింటికి పోతూవుంటే తూము దగ్గర ముసలి నీరుగంటి ఆపి, "బిడ్డలుండే దాన్ని పట్టుకొస్తిరేమిరా!" అన్నాడు. అంతకు మించి ఒక్కమాట అనలేదు. మరునాడు పోయి చూస్తే ఆ మేఘం లేదు. లకుముకి పిట్ట ఒకటి తుమ్మకొమ్మ మీద తాపీగా కూర్చుని వుంది.

కొరమీను గడ్డి తప్పించి చోటు చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపైన తేలుతూ ఒకటి రెండు రోజులలోనే పిల్లలవుతాయి. తరువాత కొన్ని వారాలపాటు తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. కాపలా పోతే పిల్లలు లేవు. చైత్రంలో పట్టిన చేపకూ, తొలివాన తరువాత పట్టిన చేపకూ వున్న తేడా అదే.

అమెరికాలో మన తెలుగువారు చాలామంది వున్న మిన్నెసోటా రాష్ట్రంలో వాలై అనే చేప వుంది. 1965లో దానిని ఆ రాష్ట్రపు చేపగా ప్రకటించారు. పేరు మన వాలుగను తలపిస్తుంది గాని చుట్టరికం లేదు. మసక వెలుతురులోనూ చూడగల తెల్లకన్ను వల్ల దానికా పేరు. మంచు కరిగిన వసంతంలో అది గుడ్లు పెడుతుంది. మే నెల నడిమి దాకా పట్టరాదని అక్కడ చట్టం. ఆ గడువు తీరే శనివారం అక్కడివారికి పండుగే నట. వారికి చట్టం చేసే పని మాకు నీరుగంటి చేశాడు.

యిప్పుడు చెరువులను వేలం పాడినవారు బొచ్చె, రాగండి పిల్లలను తెచ్చి వదులుతున్నారు. 1957లో హీరాలాల్ చౌదరిగారు కటకంలో సూదిమందుతో యీ జాతి చేపలకు గుడ్లు పెట్టించిన నాటినుంచి పిల్లల కొరత తీరింది. మంచిదే, కూలివానికి కూడా చేప అందుతున్నది. కాని అవి పారే నదులలో తప్ప నిలవనీటిలో పిల్లలు పెట్టవు. ప్రతిసారీ కొని తేవలసిందే. చెరువులో తనంతట తాను సంతానం నిలుపుకొనేది కొరమీను. 2021 నవంబరు వానలకు కోలారు జిల్లాలో చాలా చెరువులు నిండినప్పుడు, దానికి ముందు యేళ్ళ తరబడి యెండిన గుంటలలో కొరమీను విత్తనం మిగిలివుందా అని మేము పోయి కట్టమీద కూర్చున్నాము. మొదటి రెండు రోజులు పరిగెలే. మూడవనాటి తెల్లవారుజామున జమ్ము సందున బుడుంగుమన్నది. కర్ర దించలేదు.

పట్టినవారికి వంట మాట: ముందు బూడిదతో రుద్ది జిగురు వదలగొట్టాలి, తరువాత రాతివుప్పు. పులుసులో చింతపండు తగ్గించి, ఆ కాలంలో దొరికే పచ్చిమామిడి ముక్కలు నాలుగు వేయాలి. గరిటె పెట్టకుండా చట్టినే తిప్పాలి. రాత్రికి వండి, తెల్లవారి రాగిసంగటిలోకి తీయాలి.