‘రక్షణ కవచం’ చినిగితే కుట్టేదెవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపట్ల గీత కార్మికుల ఇళ్లలో మోకు, ముస్తాదుల పక్కన ఇప్పుడు కొత్త సామాను కూడా చేరుతున్నది. నడుముకు, తొడలకు వేసుకునే నైలాను పట్టీలు, చెట్టు చుట్టూ తిప్పే తాడు, రెంటినీ కలిపే కొక్కేలు. కొండలెక్కేవారు వాడే సామానుకు ఇది దగ్గరి చుట్టం. ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో ఈ కిట్ల పంపిణీని రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రారంభించింది. గౌడుల కులదైవం పేరు పెట్టడం బాగానే ఉంది. మోకు జారినా మనిషి నేలకు రాకుండా పట్టి ఉంచాలన్న ఉద్దేశమూ మంచిదే.

అయితే ఏ పట్టీ అయినా ఎప్పుడో ఒకప్పుడు చినుగుతుంది. తాటిచెట్టు బెరడు ఆకురాయి లాంటిది. మట్టల అంచులు రంపం పళ్ల లాంటివి. గీత కత్తి ఒకసారి పొరపాటున తగిలినా చాలు. అప్పుడు దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలి? మన పక్క ఏది చినిగినా మూడు చోట్లలో ఒకచోటికి పోతుంది. చెప్పులు కుట్టే చోటికి, లేదా హైవే పక్కన లారీ సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టే దుకాణానికి, ఇనుప సామానైతే వెల్డింగ్ షాపుకు. వాళ్లు పనివాళ్లు కారని ఎవరూ అనలేరు. లారీ టార్పాలిన్‌కు వాళ్లు వేసిన కుట్టు లారీ పాతబడినా ఊడదు. కాని టార్పాలిన్ మోసేది గాలిని, వానను. ఈ పట్టీ మోసేది మనిషిని.

మోకు సంగతి వేరు

పాత మోకుకు ఈ చిక్కు లేదు. మోకును ఏళ్ల తరబడి వాడిన గీత కార్మికుడికి దాని ప్రతి పురి తెలుసు. ఎక్కడ అరిగింది, ఎక్కడ ఎండి బీటలిచ్చింది, ఎప్పుడు నూనె పట్టించాలి, ఎప్పుడు మార్చాలి అన్నది చేతితో తడిమి చెప్పగలడు. ఎక్కేముందు చెట్టు మొదట్లోనే నిలబడి ఒంటి బరువంతా వేసి లాగి చూసుకుంటాడు. ఈ విద్య తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది.

నైలాను పట్టీ అలా చెప్పదు. ఎండకు ఎండి ఎండి నైలాను లోలోపల బలం కోల్పోతుంది. పైకి రంగు కొంచెం వెలిసినట్టు మాత్రమే కనిపిస్తుంది. బ్యాటరీ యాసిడ్ సోకితే మరీ ప్రమాదం. ట్రాక్టరు బ్యాటరీ పెట్టిన కొట్టంలో కిట్టును మూల పడేస్తే, ఒలికిన చుక్క ఆరిపోయిన తరువాత మరక కూడా కనపడకపోవచ్చు, కాని ఆ చోట పట్టీ పుచ్చిపోతుంది. చేతితో లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. మనిషి చేతి లాగుడు ఎంత?

లెక్క చూడండి. 70 కిలోల మనిషి ఒక మీటరు జారి, 10 సెంటీమీటర్ల దూరంలో ఆగాడనుకుందాం. ఆ ఆగడంలో పట్టీ మీద పడే లాగుడు సగటున 770 కిలోల బరువంత ఉంటుంది. తాడు ఏమాత్రం సాగకపోతే ఇంకా ఎక్కువ. అందుకే ఫ్యాక్టరీలలో వాడే ఒంటి పట్టీలను అమ్మకానికి పెట్టే ముందు కఠినంగా పరీక్షిస్తారు. యూరప్ దేశాల ఇ.ఎన్. 361 ప్రమాణం ప్రకారం 100 కిలోల బొమ్మకు తొడిగి 4 మీటర్లు పడనిస్తారు. సుమారు 1,500 కిలోల లాగుడును 3 నిమిషాలపాటు పెడతారు. మన దేశంలోనూ ఇటువంటి పట్టీలకు ఐ.ఎస్. 3521 అనే ప్రమాణం ఉంది. సీటు కవర్ల దుకాణంలో వేసిన కుట్టుకు ఏ పరీక్షా ఉండదు. దాని మొదటి పరీక్ష చెట్టు మీదనే.

సూది చేసే పని

కుట్టు వేస్తే బలం పెరుగుతుందని మనకు అనిపిస్తుంది. సంచికి అది నిజం. బరువు మోసే పట్టీకి సగమే నిజం. పట్టీ నేతలో బలమంతా నిలువు పోగులలో ఉంటుంది. తోలు కుట్టే సూది మొన కత్తిలా పదునుగా ఉంటుంది, తోలుకు అదే కావాలి. ఆ సూదిని, లేదా చెప్పులు కుట్టే ఆరెను నైలాను పట్టీలోకి దింపితే పోగులు పక్కకు తప్పుకోవు, తెగుతాయి. అందునా పట్టీకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరుసగా రంధ్రాలు పొడిస్తే తపాలా బిళ్లల షీటు గుర్తుకు రావాలి. బిళ్లలు సులువుగా చిరగడానికే ఆ రంధ్రాలు వేస్తారు గదా.

ఇక దారం. ఫ్యాక్టరీలో వాడేది మందపాటి నైలాను లేదా పాలిస్టరు దారం. కుట్లు ఎన్ని, ఏ ఆకారంలో, అంచు నుంచి ఎంత దూరంలో అన్నదంతా ముందే లెక్కకట్టి మిషను వేస్తుంది. అసలు పట్టీ రంగు ఒకటైతే కుట్టు దారం రంగు వేరుగా ఉండటం చూసే ఉంటారు. అది అందానికి కాదు. ఒక్క పోగు తెగినా కంటికి కనపడాలని. మన దుకాణంలో పట్టీ రంగుకు సరిపోయే దారం వెదికి మరీ కుడతారు. పని నీటుగా కనపడుతుంది, తెగిన కుట్టు కనపడదు. కొందరు నూలు దారమే వేస్తారు. వానకు తడిసి, ఎండకు ఎండి అది కుళ్లిపోతుంది.

తాడు తెగితే ముడి వేయడం ఇంకొక అలవాటు. ముడి ఏదైనా తాడు బలాన్ని తగ్గిస్తుంది. కొన్ని ముడులతో మూడో వంతు పోతే కొన్నింటితో సగం దాకా పోతుంది. పైగా ముడి ఉన్న చోట చెట్టుకు రాచుకుని అదే ముందుగా అరుగుతుంది. కొక్కెం మూత సరిగా పడకపోతే వెల్డింగ్ పెట్టించడం, లేదా సైకిలు షాపు కొక్కెం తగిలించడం కూడా ఉన్నదే. ప్రత్యేకంగా గట్టిపరచిన ఉక్కును వెల్డింగ్ మంటలో పెడితే ఆ గట్టిదనం పోతుంది. అల్యూమినియం కొక్కేనిదీ అదే గతి.

‘కుదించి’ వాడుకోవడం

చినగకుండానే మార్చి కుట్టించుకునేవి ఇంకొక రకం. ఇది మొదటిదానికన్నా ప్రమాదమని మా అభిప్రాయం. ఎందుకంటే దీనిలో పట్టీ కొత్తదే, మనిషికి దానిమీద నమ్మకమూ కొత్తదే.

తొడ పట్టీలు ఒరుసుకుంటున్నాయని కోసి పారేసి నడుము పట్టీ ఒక్కటే ఉంచుకోవడం ఒకటి. జారినప్పుడు బరువంతా కడుపు మీద పడుతుంది. తలకిందులైతే మనిషి పట్టీలోంచి జారిపోనూ వచ్చు. పొడవు ఎక్కువైందని కొస కోసి అంటించడం ఇంకొకటి. బకిల్ దాటి కొంత పట్టీ మిగలాలి, లేకపోతే బరువు పడ్డప్పుడు కొస లోపలికి జారి ఊడిపోతుంది. కత్తులు వేలాడదీసుకోవడానికి నడుము పట్టీకే రంధ్రం వేసి కొక్కెం బిగించుకోవడం మరొకటి. ఇది అన్యాయమైన కోరిక కాదు. గీత కార్మికుడికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కత్తులు నడుముకు ఉండాలి, లొట్టి దింపుకోవాలి. కొండలెక్కేవాడికి ఈ అవసరాలు లేవు. కత్తుల కోసం ముస్తాదును పట్టీ పైనుంచి విడిగా కట్టుకోవచ్చు, పట్టీని పొడవవలసిన పని లేదు. కాని అసలు మార్పు జరగవలసింది తయారు చేసే చోట. రోజుకు రెండు మూడుసార్లు చెట్టెక్కే మనిషికి ఎక్కడ ఒరుసుకుంటున్నదో, ఏది అడ్డం వస్తున్నదో సంఘాలు రాసి పంపితే, అక్కడ లెక్కకట్టి మార్చవచ్చు.

పారాచూట్‌తో దూకేవారి కట్టుబాటు

విమానం నుంచి పారాచూట్‌తో దూకేవారి ఒంటి పట్టీలు కూడా ఇదే జాతి. వాటిలో వాడే అంగుళం ముప్పావు వెడల్పు నైలాను పట్టీ రకం ఒకటి 2,700 కిలోల లాగుడును తట్టుకుంటుంది. అంత బలమైన పట్టీ అయినా అమెరికాలో దానిపై ఎవరు పడితే వారు సూది పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. పారాచూట్లు మడిచి, మరమ్మతు చేసే పనివాడిని అక్కడ ‘రిగ్గర్’ అంటారు. కనీసం 20 పారాచూట్లు మడిచి, పరీక్షలు నెగ్గితే మొదటి తరగతి లైసెన్సు ఇస్తారు. వారికి చిన్నచిన్న మరమ్మతులే అప్పగిస్తారు. ప్రాణం ఆధారపడే పెద్ద మరమ్మతులు, మార్పులు చేయాలంటే మూడేళ్ల అనుభవం, రెండు రకాల పారాచూట్లను ఒక్కొక్కటి నూరేసిసార్లు మడిచిన లెక్క ఉన్న ‘మాస్టర్ రిగ్గర్’ కావాలి.

అత్యవసరానికి ఉంచే రెండో పారాచూట్‌ను వాడినా వాడకపోయినా 180 రోజులకొకసారి విప్పి, చూసి, మళ్లీ మడవాలి. 2008 వరకు అది 120 రోజులు. మడిచినవాడు కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాడు, సీసపు ముద్ర వేస్తాడు. ఎవరి ముద్ర ఎవరిదో గుర్తుపట్టవచ్చు. ఏదైనా జరిగితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

సరదాకు దూకేవారికి ఇంత కట్టుబాటు ఉంటే, పొట్టకూటికి నిత్యం తాటిచెట్టెక్కేవారికి దానిలో పదో వంతైనా ఉండకూడదా?

ఏమి చేయవచ్చు

పెద్ద ఖర్చు కాదు. ప్రతి గీత కార్మికుల సొసైటీలో ఒకరిద్దరికి కిట్టు చూసి చెప్పడంలో శిక్షణ ఇప్పించాలి. ఆరు నెలలకొకసారి మండల కేంద్రంలో ఒకరోజు పెట్టి అన్ని కిట్లూ చూడాలి. కిట్టుకొక కార్డు, దానిమీద తేదీ, చూసినవారి సంతకం ఉండాలి. చెడిన పట్టీ తెస్తే తిరిగి ఇవ్వడానికి విడి భాగాలు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కడో ఒకచోట నిలువ ఉండాలి. కొత్తది దొరకదన్న భయంతోనే పాతదానికి కుట్టు వేయిస్తారు. దొరుకుతుందని తెలిస్తే ఎవరు వేయిస్తారు?

ఈ మాట గీత కార్మికులకే కాదు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మెన్, మిర్యాలగూడ రైసు మిల్లులలో ఎలివేటర్ల మీద పనిచేసే హమాలీలు, ఎత్తు మీద సున్నం వేసే కూలీలు కూడా ఇవే పట్టీలు కట్టుకుంటారు.

అంతవరకు ఇంట్లోనే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎక్కేముందు పట్టీని గుప్పిట్లో వంచి వేళ్లతో తడమాలి. నూగు లేచిన చోట, గట్టిపడిన చోట, కత్తి గాటు పడిన చోట, కుట్టు పోగు లేచిన చోట ఆగాలి. కొక్కెం మూత తనంతట తాను పడాలి, తాళం బిగియాలి. కల్లు, మట్టి పడితే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి, ఎండలో కాదు. పట్టీకి ఉన్న చీటీ చింపవద్దు. తయారైన నెల, సంవత్సరం సాధారణంగా దానిమీదనే ఉంటాయి. ఇటువంటి నైలాను సామానుకు చాలామంది తయారీదారులు పదేళ్లకు మించి ఆయుష్షు చెప్పరు. ఒకసారి గట్టిగా జారి, పట్టీ మనిషిని ఆపిందంటే దాని పని అయిపోయినట్టే. పైకి చెక్కుచెదరకపోయినా మళ్లీ ఎక్కడానికి వాడకూడదు.

అలా పనికిరాదని తేలినదాన్ని గూట్లో దాచవద్దు. ఇంట్లో ఇంకొకరు తెలియక కట్టుకుని ఎక్కే ప్రమాదముంది. కత్తెరతో రెండు మూడు ముక్కలు చేయాలి. ఆ ముక్కలు బర్రె పలుపుకు పనికివస్తాయి.