వేసవిలో బేరింగులకు రక్షణ కందెన నూనె ఉష్ణోగ్రతే

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల సెల్సియస్ సమీపానికి చేరుతుంటాయి. కరెంటు పోయినప్పుడు పరిశ్రమలను, ఆసుపత్రులను నిలబెట్టే డీజిల్ జనరేటర్లకు ఇది గడ్డుకాలం. గాలి వేడెక్కిన కొద్దీ రేడియేటరు చల్లార్చే శక్తి తగ్గుతుంది.

తిరిగే ఇరుసును బేరింగులో మోసేది పలుచని నూనె పొర. వేడి పెరిగితే నూనె మరింత పలుచబడుతుంది. టర్బైన్లలో విరివిగా వాడే వీజీ 46 నూనె చిక్కదనం 40 డిగ్రీల వద్ద 46 సెంటీస్టోకులు కాగా, 100 డిగ్రీల వద్ద సుమారు 7 మాత్రమే. పొర తెగితే లోహం లోహాన్ని ఒరుస్తుంది. తగరం ప్రధానంగా గల బేరింగు పూత 240 డిగ్రీల ప్రాంతంలో కరగనారంభిస్తుంది. ఇందుకు నిమిషాలు చాలు.

కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల పెద్ద టర్బైన్లలో బేరింగు వేడి హద్దు మీరితే యంత్రం తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. చిన్న జనరేటర్లలో నూనె ఉష్ణోగ్రత మీటరే అరుదు. నీటి మీటరు ఒక్కటే చూసుకోవడం చాలదు. ఇంజనులో నూనె 90 నుండి 110 డిగ్రీలు ఉండడం సాధారణమే కనుక, అంకె కంటే మార్పు ముఖ్యం. అదే లోడు, అదే ఎండలో నూనె వేడి నిన్నటికంటే 10 డిగ్రీలు హెచ్చితే కూలరులో మురికి, నూనె మట్టం, బేరింగు అరుగుదల పరీక్షించవలసి ఉంటుంది. నూనె పీడనం సైతం పడిపోతే ఇంజనును తక్షణమే ఆపివేయాలి.