అవుట్ అయినవాళ్ళు లేని ఆట

శనివారాలు మా కాలేజీ దగ్గరున్న ఓ బడిలో ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పడానికి వెళ్తున్నాను. మొదటి వారం భిన్నాల పాఠం రివిజన్‌కి క్విజ్ పెట్టాను. తప్పు చెప్తే అవుట్, వెళ్ళి గోడ పక్కన కూర్చోవాలి. పది నిమిషాల్లో ముగ్గురే మిగిలారు. ఆ ముగ్గురికీ పాఠం ముందే వచ్చు. ఎవరి కోసం ఆట పెట్టానో వాళ్ళనే ముందు బయటికి పంపేశానన్నమాట.

అసలు రివిజన్‌కి ఆట ఎందుకు? సరదా ఒక్కటే కారణం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకి రెండు చిన్న వ్యాసాలిచ్చారు. ఒకదాన్ని రెండుసార్లు చదవాలి. రెండోదాన్ని ఒకసారి చదివి, గుర్తున్నదంతా రాయాలి. 5 నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివిందే బాగా గుర్తుంది. వారం తర్వాత చూసిన గ్రూపులో మాత్రం అది 42 శాతానికి పడిపోయింది, రాసింది 56 శాతం నిలిచింది. అంటే బుర్రలోంచి బయటికి లాగితేనే పాఠం నిలుస్తుంది. మరి నా క్విజ్‌లో మొదట అవుటైన అమ్మాయి ఎన్నిసార్లు లాగింది? ఒక్కసారి!

అందుకే రెండో వారం నాలుగు స్తంభాలాటని కొంచెం మార్చి ఆడించాను. వరండాలో నాలుగు స్తంభాలకి నాలుగు జవాబులు అంటించాను. ప్రశ్న: 1/2, 1/3, 1/4, 1/8లో ఏది పెద్దది? అందరూ క్లాస్ లీడర్ వెనకాలే పరిగెత్తారు. ఇదో బగ్! కాబట్టి రూల్ మార్చాం. ముందు పలక మీద జవాబు రాయాలి, తర్వాతే పరుగు. ఒక్కో స్తంభం దగ్గర చీటీ తీసి, పేరొచ్చినవాళ్ళు కారణం చెప్పాలి. అది విన్నాక ఎవరైనా ఒకసారి స్తంభం మారొచ్చు. అవుట్ లేదు.

ఈసారి ఎక్కువమంది 1/8 దగ్గరికే వెళ్ళారు, ఎనిమిది పెద్ద అంకె కదా. 1/2 దగ్గర నలుగురే ఉన్నారు. చీటీలో వచ్చింది, మొదటి వారం ముందుగా అవుటైన ఆ అమ్మాయి పేరే. కాసేపు నసిగి, "ఒక్క దోసెని ఇద్దరికి పంచితే పెద్ద ముక్క వస్తదా, ఎనిమిది మందికి పంచితేనా అన్నా?" అంది. క్షణంలో 1/8 స్తంభం ఖాళీ!

మీరూ ఆడిస్తారా? ఆరేడు ప్రశ్నలు చాలు. తప్పు జవాబులు పిల్లలు నిజంగా చేసే పొరపాట్లయి ఉండాలి. చివర్లో కూర్చోబెట్టి ఒక లెక్క నోట్‌బుక్‌లో చేయించండి, లేకపోతే ఆటే గుర్తుంటుంది. వచ్చే వారం పాత ప్రశ్నలు రెండు మళ్ళీ కలపండి. కొత్త పాఠానికి మాత్రం ఈ ఆట పనికిరాదు, ముందు మామూలుగా చెప్పాల్సిందే.

ఇంటర్నల్స్ ముందు రాత్రి అదే పీడీఎఫ్‌ని మూడోసారి స్క్రోల్ చేసే మనకీ ఇది వర్తిస్తుంది. ఈసారి నేను ఫైల్ మూసేసి, ఖాళీ కాగితంతో కూర్చుంటున్నాను.